మూతలు తీయండి

పదకొండు కిలోలు.
ఈ పెట్టె బరువు నా ఎడమ భుజానికే తెలుసు,
కుడిది ఎప్పుడో చేతులెత్తేసింది.

ఆర్క్‌నీ దీవుల్లో మా విశ్వవిద్యాలయమంటే
ఒక కెమెరా, ఒక తెర, మూడు మైకులు,
మోయడానికి నేను.
సోమవారం చేపల సహకార సంఘం మేడ మీద,
బుధవారం చర్చి వెనకగదిలో,
తుఫానుకి రేవు మూసేస్తే
ఓడ కోసం కాచుకున్నవాళ్ల టీ కప్పుల మధ్య.
ఎక్కడ తెరిస్తే అక్కడ తరగతి.

నాకొచ్చిన పాఠం ఒక్కటే: "వినిపిస్తోందా?"
ఆరు దీవులు ఒక్కో ఆలస్యంతో తలూపుతాయి.
సాండే ముందు, వెస్ట్రే తర్వాత,
నార్త్ రోనల్డ్‌సే గాలిని బట్టి.
నేను కనబడను.
తీగ సరిచేసే చేయొకటి అడ్డొస్తుంది, అంతే.
పిల్లలు దానికో పేరు కూడా పెట్టారట,
ఏమిటో చెప్పరు.

మట్టి శాస్త్రం చెప్పే ఇస్బిస్టర్ మేడమ్
జోకు వేసి, ఊరుకుని,
కళ్లద్దాలు తుడిచి మళ్లీ పెట్టుకునేసరికి
నవ్వు వస్తుంది.
మొదట్లో ఆ సందులో ఆవిడకి చెమటలు పట్టేవి.
ఇప్పుడు ఆ సందుని కూడా పాఠంలో కలిపేసుకుంది.

ఒక్క వాసనే కొరుకుడు పడలేదు.
"రంగు చూపిస్తాను,
వేళ్ల మధ్య నలిగే చప్పుడు మైకుకి వినిపిస్తాను,
ముక్కుల సంగతేం చేయను?"
అని ఓ సాయంత్రం నన్నే అడిగింది, ఇంకెవరూ లేక.
మా ఇంట్లో జాము సీసాలు కడిగి తెచ్చాను.
పొయ్యిలోకి తవ్వుకునే నల్లటి కొండమట్టి
ఆరు సీసాల్లో నింపి
ఓడలు మారి, ఆరు దీవులకీ ఇచ్చి వచ్చాను.

ఆ గురువారం
"మూతలు తీయండి" అంది మేడమ్.
ఆరు గడుల్లో తలలు వంగాయి.
థోర్ఫిన్ తుమ్మాడు,
ఆ చప్పుడు మాకు చేరేలోగా
తెర మీద ముక్కు తుడిచేసుకున్నాడు.

వెస్ట్రే గడిలో ఈడ్నా డ్రెవర్ తల ఎత్తలేదు.
ముప్పై ఏళ్లు పీతల కార్ఖానాలో చేసి
అరవై ఒకటో ఏట డిగ్రీలో చేరిన మనిషి.
మళ్లీ వాసన చూసింది.
చిటికెడు నాలుక మీద వేసుకుంది.
"ఇది కొండమట్టి కాదు మేడమ్.
దీన్లో సముద్రపు పాచి ఉంది.
మా రేవు పక్క చేనిది ఇది,
మా మామగారు చలికాలమల్లా పాచి తోలిన చేను."

నిశ్శబ్దం.
తీగల నిశ్శబ్దం వేరు, మనుషులది వేరు,
పన్నెండేళ్లలో నేను చదివిన చదువు అదే.
తీగ ఊడిందేమోనని మేడమ్ నావైపు చూసింది.
తీగ బాగానే ఉంది.

కెమెరా ముందుకి వెళ్లాను.
చేయి కాదు, మనిషిని మొత్తం.
ఓడ ఒరిగి, వెస్ట్రే సీసా
ఇనప మెట్ల మీద పగిలిందని,
దిగి, ఎవరూ చూడకుండా
అడ్డొచ్చిన చేలో దోసెడు తీసి
వేరే సీసాలో పోశానని చెప్పాను.
చెబుతుంటే తెర మూలలో ఎవరో ముసలాయన
నాతోపాటే పెదాలు కదుపుతున్నాడు.

ఈడ్నా ఆలోచించింది.
"చేను గేటు వేశావా?"
"వేశాను."
"అయితే సరే."

మేడమ్ కుర్చీ లాక్కుని కూర్చుంది,
చేతిలో సుద్దముక్క లేకపోయినా వేళ్లు దులుపుకుంది.
నలభై నిమిషాలు ఈడ్నా చెప్పింది.
పాచి ఏ గాలికి ఒడ్డుకొస్తుందో,
ఉప్పు వదలడానికి ఎన్ని వానలు కావాలో,
బార్లీ మొదటేడు ఎలా అలుగుతుందో.
సాకెట్టు వదులుగా ఉంది.
ప్లగ్గు అదిమిపట్టి నేల మీద కూర్చున్నాను,
కాలు తిమ్మిరెక్కినా కదల్లేదు.

మరుసటి వారం సీసాలు తిరిగొచ్చాయి. ఐదు.
వెస్ట్రేది రాలేదు, నేనడగలేదు.
జాబితాలో ఆరనే రాశాను.